కట్టెలో రాయి

పెనుబల్లి చుట్టుపక్కల పది ఊళ్లలో వడ్రంగి ముత్యాలు మెచ్చుకున్న మనిషి ఒక్కడూ లేడు. ప్లైవుడ్ తలుపులు పెట్టుకునేవాళ్లు అతని లెక్కలో మనుషులే కారు. ఇనుప దర్వాజాలు పెట్టుకునేవాళ్లు ఎరువుల గోదాముల్లో కాపురం చేయాల్సినవాళ్లు. కరెంటు రందాతో చెక్క నునుపు చేసే కొత్త వడ్రంగులకు గడ్డం గీసుకునే మిషనుకూ పనిముట్టుకూ తేడా తెలియదు. ఇక ఫారెస్టు వాళ్ల మాటెత్తితే ముత్యాలు ఏమీ అనేవాడు కాదు, పక్కకు తిరిగి ఉమ్మేసేవాడు. అందులో బీటాఫీసరు బాబూరావు పేరు చెబితే రెండుసార్లు ఉమ్మేసేవాడు.

దానికి కారణం ఉంది. ఎనిమిదేళ్ల కిందట ముత్యాలు పర్మిట్టు లేని రెండు టేకు చెక్కలతో ఎవరికో మంచం చేస్తుంటే, అప్పుడే ఉద్యోగంలో చేరిన బాబూరావు వచ్చి పట్టుకున్నాడు. చెక్కలు తీసుకుపోతే ముత్యాలు మర్చిపోయేవాడే. కానీ వాటితోపాటు పనిముట్ల సంచి కూడా తీసుకుపోయాడు. అందులో ముత్యాలు తండ్రి వాడిన ఉలులు పదకొండు ఉన్నాయి. కేసు నడిచింది, జుర్మానా కట్టాడు, సంచి మాత్రం తిరిగి రాలేదు. ఆఫీసులో ఓ మూల అది తుప్పు పట్టి మట్టిలో కలిసిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు. ఉలిని తుప్పు పట్టనిచ్చేవాడు ముత్యాలు దృష్టిలో కన్నతల్లికి అన్నం పెట్టనివాడితో సమానం.

అలాంటి బాబూరావు ఒక పొద్దున ట్రాలీ ఆటో నిండా కట్టె వేసుకుని ముత్యాలు వాకిట్లో దిగాడు.

"తండాల ఇల్లు కడుతున్న మామా," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "మా అమ్మ ఒక్కటే పట్టు. దర్వాజ నువ్వే చెయ్యాల్నంట. వేరేటోళ్లు చేస్తే ఆ ఇంట్ల కాలు పెట్టనంటున్నది."

బాబూరావు తల్లి కమ్లి ఒకప్పుడు అడవిలో ఇప్పపువ్వు ఏరి, కూలికి పోయి కొడుకును చదివించిన మనిషి. ఆమె పెళ్లప్పుడు పెట్టె చేసిచ్చింది ముత్యాలే. ఆమె మీద అతనికి కోపం లేదు. కొడుకును అలా కన్నందుకు కొంచెం జాలి ఉంది, అంతే.

"ఏంతోని చెయ్యమంటవు సారూ? నా ఉలులు మీ ఆఫీసు తిన్నది గదా. గోళ్లతోని గీకాల్నా?"

బాబూరావు నేల చూశాడు. "అప్పుడు కొత్త నౌకరి మామా. సంచి గూడ రాసుకొని పోవాలె అన్నరు, తీస్కపోయిన. తర్వాత రెండు మూడు సార్లు అడిగి చూసిన, దొరకలే. తప్పయింది."

ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన తప్పయింది అన్న మాటను ముత్యాలు ఈగను తోలినట్టు తోలేశాడు. ట్రాలీ దగ్గరికి నడిచి, "ఏం కట్టె ఇది?" అన్నాడు.

"ఆఫ్రికా కట్టె. ఐరోకో అంటరు. ఖమ్మంల డిపో కాడ కొన్న. బిల్లు గూడ ఉంది." బాబూరావు ఉత్సాహంగా ఫోను తీసి చదవడం మొదలుపెట్టాడు. "దీనికి చెదలు పట్టయట మామా. మందు పుయ్యకున్నా సరే. నీళ్లల్ల నానినా ఉబ్బదంట. ఆడ పడవలకు, ఓడరేవుల కాడ కట్టడాలకు, ఇండ్లల్ల నేలకు పరిచెటందుకు వాడతరంట. కోసినప్పుడు పసుపచ్చగ ఉండి, వెలుగు తగిలినకొద్ది గోధుమరంగుకొస్తదంట. నార ఒక వరుస ఇటు, ఒక వరుస అటు తిరిగి ఉంటది గాబట్టి చిత్రిక పడితే లేస్తదంట. పొట్టు ముక్కుల పోతే తుమ్ములు, కండ్లు దురద. జర మూతికి గుడ్డ కట్టుకో మామా. ఇంకోటి, అక్కడక్కడ లోపల తెల్లరాయి ఉంటదంట. దానికి తగిలితే రంపాలు మొద్దువారతయంట."

ముత్యాలు నవ్విన నవ్వుకు కోళ్లు బెదిరి పక్కింట్లోకి పోయాయి.

"కట్టెల రాయా! ఆ దేశంల పెరుగుల బొమికలు గూడ ఉంటయా సారూ? చుట్టూత అడవి పెట్టుకొని సముద్రం అవతలి కెళ్లి కట్టె తెప్పిచ్చుకున్నవు. ఇంతకు దర్వాజ చెయ్యాల్నా, పడవ చెయ్యాల్నా?"

"ఫారెస్టోని ఇంటికి టేకు దర్వాజ ఉంటే ఊరు ఏమనుకుంటది మామా? అందుకే దూరపు కట్టె తెచ్చిన. ఎవరూ వేలు చూపియ్యొద్దని."

ముత్యాలు అప్పటికి కట్టె మీద చెయ్యి వేశాడు. ఆ స్పర్శ తెలిసినదే. ఎత్తి చూశాడు, ఆ బరువూ తెలిసినదే. బంగారు రంగు మీద గోధుమ చారలు. నలభై ఏళ్లు దీన్నే కదా కోసింది! ఆఫ్రికా లేదు, తాటికాయా లేదు. ఎక్కడో పట్టుకున్న టేకు దుంగను మిల్లులో కోయించి, దొంగ బిల్లు పుట్టించి, పైగా ఫోనులో కథలు చదివి వినిపిస్తున్నాడు. రెండు చెక్కలకు తన తండ్రి ఉలులు మింగినవాడు ట్రాలీ నిండా టేకు దింపి, చెదలు పట్టవట అంటున్నాడు. ముత్యాలుకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఒక ఆలోచన వచ్చింది.

"సరే, చేస్త," అన్నాడు. "మీ అమ్మ మొఖం జూసి చేస్త."

బాబూరావు సంబరపడి రెండు చేతులూ పట్టుకున్నాడు. ముత్యాలు ఆ చేతులు తర్వాత కడుక్కున్నాడు.

భార్య పుల్లమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "ఆయనేదో బిల్లు ఉందంటున్నడు గదయ్యా," అంది.

"బిల్లు! కాగితం జూసి కట్టె చెప్పేటోడు ఫారెస్టోడు. కట్టె జూసి కట్టె చెప్పేటోణ్ని నేను."

ఆ మాట ముత్యాలు ఊరికే అనడు. అశ్వారావుపేటలో ఒకప్పుడు పందెం కట్టి అతని కళ్లకు తువ్వాలు కట్టారు. టేకు, మద్ది, ఏగిస, తుమ్మ, వేప, ఐదు ముక్కలు ముక్కు దగ్గర పెడితే ఐదూ చెప్పేశాడు. ఈ కథ పెనుబల్లిలో విననివాళ్లు లేరు. ఒక్కసారే విన్నవాళ్లూ లేరు.

పని మొదలైంది. గడప, రెండు నిలువులు, పైన అడ్డకమ్మి. మొదటి రోజు రంపం వేయగానే వాసన కోసం వంగాడు. టేకు కోస్తే నూనె పెట్టిన తోలు వాసన వస్తుంది. ఇక్కడ ఏమీ రాలేదు. ముత్యాలు ఒక్క క్షణం ఆగి, తలాడించాడు. ఆఫీసు ఆవరణలో వానకు తడిసి ఎండకు ఎండి వాసన పోయి ఉంటుంది. సర్కారు చేతిలో పడ్డాక దేని వాసన మాత్రం మిగులుతుంది? రెండో రోజు కోసిన అంచు చూస్తే ఏడాదికొకటి వచ్చే వలయాలు కనిపించలేదు. వాగు పక్కన తడి తాగి పెరిగిన చెట్టయి ఉంటుందనుకున్నాడు. చిత్రిక పడితే నార లేచి గరుకు తేలింది. చెట్టు గాలికి మెలిపడింది కాబోలు అనుకున్నాడు. ఇలా ఆ కట్టె ఏ మాట చెప్పినా దానికొక జవాబు అతని దగ్గర సిద్ధంగా ఉంది.

మూడో రోజుకు తుమ్ములు పట్టుకున్నాయి. ఒకటీ రెండూ కాదు, ఊపిరి తిరగనివ్వకుండా వరసగా. కళ్లు ఎర్రబడ్డాయి, చేతుల మీద దద్దుర్లు లేచాయి.

"మూతికి గుడ్డ కట్టుకోమన్నడు గద ఆ పిలగాడు," అంది పుల్లమ్మ.

"దొంగసొమ్ము ముట్టుకుంటే నా ఒంటికి పడదే. ఇంకేం లేదు."

ఆ మధ్యాహ్నమే ఎర్రబడ్డ కళ్లు నులుముకుంటూ ముత్యాలు కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. ఆకాశరామన్న ఉత్తరం రాయడం తేలికే, పేరు పెట్టకపోతే చాలు. బీటాఫీసరు తండాలో కట్టే ఇంటికి అడవి టేకు వాడుతున్నాడని, బిల్లు దొంగదని, ఫలానా రోజు పొద్దున తొమ్మిదిన్నరకు దర్వాజ ఎత్తుతారని రాశాడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఇంత గొప్ప సంగతి కనిపెట్టినవాడు మామూలు మనిషని పై అధికారులు అనుకుంటారేమోనని మనసొప్పలేదు. కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చి, కవరు అంటించి, పై ఆఫీసుకు పోస్టు చేశాడు. దర్వాజ ఎత్తే రోజు, నలుగురి ముందు, కొబ్బరికాయ కొట్టకముందే బాబూరావు మొహం ఎలా వాడిపోతుందో తలుచుకుంటుంటే దద్దుర్ల దురద కూడా హాయిగా ఉంది.

పని మాత్రం వంక పెట్టలేనట్టు చేశాడు. దొంగకట్టె అయినా కట్టె కట్టే కదా. నిలువుల మీద మామిడి తీగ చెక్కాడు, గడప మీద పద్మం చెక్కాడు.

ముహూర్తానికి ముందు రోజు సాయంత్రం కుడివైపు నిలువు మీద ఆఖరి ఆకు చెక్కుతున్నాడు. ఉలి కిర్రుమని ఆగిపోయింది. సుత్తితో ఇంకోసారి కొట్టాడు. ఉలి అంచు విరిగి ముక్క ఎగిరిపడింది.

ముత్యాలు వంగి చూశాడు. నల్లబడిన కట్టె మధ్య తెల్లగా ఏదో కనిపించింది. మేకేమో అనుకుని చుట్టూ తవ్వాడు. మేకు కాదు. కుంకుడు గింజంత రాయి బయటకొచ్చి అరచేతిలో పడింది. గోటితో గీశాడు. నేలకేసి కొట్టాడు. నోట్లో పెట్టి కొరికి కూడా చూశాడు. రాయే.

టేకులో తెల్లటి పొడి చూశాడు గానీ, ఉలి విరగ్గొట్టే రాయిని నలభై ఏళ్లలో ఎన్నడూ చూడలేదు. రాని వాసన, కనిపించని వలయాలు, లేచిన నార, తుమ్ములు, దద్దుర్లు, అన్నీ ఒక్కొక్కటే వచ్చి అతని ఎదుట కూర్చున్నాయి. కాగితం చూసి కట్టె చెప్పినవాడు నిజం చెప్పాడు. కట్టె చూసి చెప్పినవాడు తప్పు చెప్పాడు. సిగ్గుతో అతనికి చెవులు వేడెక్కాయి.

పుల్లమ్మ వచ్చి చేతిలో రాయి చూసి, మొగుడి మొహం చూసింది. ఉత్తరం సంగతి ఆమెకు తెలుసు.

"ఇప్పుడే పోయి చెప్పరాదయ్యా? ఉత్తరం జూసి తనిఖీ స్క్వాడొస్తే ఆ పిలగాని నౌకరి పోతది. కమ్లి ఏడ్చి చస్తది."

"పోయి ఏమని చెప్పాలె? నాకు కట్టె తెల్వదని చెప్పాల్నా?"

"అవ్, అదే చెప్పు."

ముత్యాలు ఆమెను కొరకొరా చూశాడు. అలాంటి ఉత్తరాలు ఎవడు చదువుతాడు, ఆఫీసుల్లో బజ్జీలు చుట్టుకోవడానికి వాడతారు అని గొణుక్కున్నాడు. రాయిని చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత అదే కట్టె నుంచి చిన్న ముక్క కోసి, నారకు నార కలిపి, జిగురు పెట్టి రాయి ఊడిన ఆ బొంద పూడ్చాడు. పైన ఆకు చెక్కాడు. పూడ్చిన చోటు తనకు తప్ప ఇంకెవరికీ కనిపించదు. అంత బాగా కుదిరింది.

మర్నాడు తండాలో కొత్తింటి ముందు టెంటు వేశారు. కమ్లి ఎర్రంచు చీర కట్టుకుని గడపకు పసుపు రాస్తూ, వాళ్ల భాషలో ఏదో పాడుకుంటోంది. ముత్యాలును చూడగానే ముఖమంతా నవ్వు చేసుకుని, "ఎంత మంచిగ చేసినవన్నా! నీ చెయ్యి పడకుంటే ఇది ఇల్లే గాదు," అంది. ముత్యాలు తుమ్మి ఊరుకున్నాడు.

తొమ్మిది దాటాక జీపు వచ్చింది. స్క్వాడు ఆఫీసరు వెంకటేశ్వరరావు, వెనక ఇద్దరు. ఆఫీసర్ల నడక చూస్తే ముత్యాలుకు ఎప్పుడూ వెటకారమే. ఈసారి అది రాలేదు.

వెంకటేశ్వరరావు చుట్టూ తిరిగి దర్వాజను చూశాడు. "కంప్లెయింట్ వచ్చింది బాబూరావు. ఇది టేకని, బిల్లు ఫేకని. బిల్లు ఏది?"

బాబూరావు బిల్లిచ్చాడు.

"బిల్లు సరే. ఆ బిల్లు ఈ కట్టెదేనని గ్యారంటీ ఏంటి? శాంపిల్ ల్యాబుకు పోవాలి. రిపోర్టు వచ్చేదాకా దర్వాజ సీజ్. నువ్వు సస్పెన్షన్‌లో ఉంటావు, నా చేతిలో ఏం లేదు."

కమ్లి పాట ఆగిపోయింది. పసుపు చేతులు అలాగే గాల్లో ఉన్నాయి. "సీజంటే ఏంది బిడ్డా? ముహూర్తం ఉంది గద?" అంది.

"సార్," అన్నాడు బాబూరావు, "ల్యాబెందుకు? మా ముత్యాలు మామ ఉన్నడు. ఈ జిల్లాల ఆయనకంటే కట్టె తెలిసినోళ్లు లేరు. ఆయనను అడుగుండ్రి. ఆయన టేకంటే నేనే నౌకరి రాజీనామా ఇస్త."

అందరూ ముత్యాలు వైపు తిరిగారు. పది రోజులుగా అతను కలగన్న నిమిషం ఇదే. ఒక్క మాట చాలు. టేకే అంటే ఉలుల బాకీ తీరిపోతుంది. తన ముక్కు ఎన్నడూ తప్పలేదన్న పేరూ నిలుస్తుంది. నోరు తెరిచాడు కూడా.

కానీ ముత్యాలు ఊళ్లో అందరినీ తిట్టాడు గానీ, కట్టె గురించి అబద్ధం చెప్పింది లేదు. వేపను వేపన్నాడు, తుమ్మను తుమ్మన్నాడు. కొనేవాడు బతిమాలినా మద్దిని టేకని అమ్మలేదు. ఆ ఒక్కటీ పోతే తనకు మిగిలేది నోటిదూల ఒక్కటేనని అతనికి తెలుసు.

"టేకు గాదు," అన్నాడు. ఒక అడుగు ముందుకేశాడు. మళ్లీ అన్నాడు. "టేకు గాదు సారూ. ఆఫ్రికాదే."

"మీరు చెప్తే సరిపోదు పెద్దాయనా. రుజువు కావాలి."

ముత్యాలు జేబులోంచి రాయి తీశాడు. "ఈ కట్టె లోపల దొరికింది. టేకుల గిట్లాంటి రాయి ఉండదు."

"దారిలో ఏరుకున్న రాయి కూడా ఇలాగే ఉంటుంది. ఎక్కడ దొరికిందో చూపించండి."

ముత్యాలు కుడివైపు నిలువు దగ్గరికి వెళ్లాడు. వెంకటేశ్వరరావు వంగి, కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. ఏమీ కనిపించలేదు. కనిపించదని ముత్యాలుకు తెలుసు. అంత బాగా పూడ్చాడు మరి. ఉలి తీసి, తను చెక్కిన ఆకు మీద పెట్టి, సుత్తితో కొట్టాడు. ఆకు చిట్లింది. లోపలి ముక్క ఊడి కింద పడింది. నల్లటి అంచుతో బొంద బయటపడింది. రాయిని అందులో పెడితే గూట్లో గుడ్డు కూర్చున్నట్టు కూర్చుంది.

వెంకటేశ్వరరావు ఫోను తీసి ఏదో వెతికాడు, చదివాడు, బొంద చూశాడు, మళ్లీ చదివాడు. ఫొటోలు తీసుకున్నాడు. "ఐరోకోయే," అన్నాడు చివరకు. "సారీ బాబూరావు. కేసేమీ లేదు, దర్వాజ ఎత్తుకోండి." ఆ తర్వాత అతనికి ఆ ఎండలో అంత దూరం రప్పించిన మనిషి మీద కోపం వచ్చింది. జేబులోంచి ఉత్తరం తీశాడు. "పేరు పెట్టే ధైర్యం లేదు గానీ, గొప్పలకు తక్కువేం లేదు. వినండి ఏం రాశాడో. 'ఈ ఉత్తరం రాసినవాడు కళ్లకు తువ్వాలు కట్టినా వాసన చూసి కట్టె పేరు చెప్పగలడు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.' ఎవడో ఈ మహానుభావుడు!"

ఎవరూ ఎవరినీ అడగలేదు. తువ్వాలు కథ అక్కడ అందరికీ తెలిసిందే. ఒక్కొక్క తలా ముత్యాలు వైపు తిరిగింది. జీపు వెళ్లిపోయాక కూడా ఆ తలలు మళ్లలేదు. ఎంతమందిని ఎన్నేళ్లుగా ఏ చూపు చూశాడో, ఆ చూపే ఇప్పుడు వందమంది దగ్గర్నుంచి అతని మీదికి తిరిగొచ్చింది. నేల చీలితే బాగుండుననిపించింది.

బాబూరావు గడియారం చూసి, "ముహూర్తం దాటిపోతున్నది. ఎత్తుండ్రి," అన్నాడు.

ఎత్తారు. ముత్యాలు గుండుదారంతో తూకం చూసి, మేకులు కొట్టి, నిలువులు సరిచేశాడు. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. గడప కింద నవధాన్యాలు పోశారు, కొబ్బరికాయ కొట్టారు. దర్వాజ నిలబెట్టిన వడ్రంగికి కొత్త బట్టలు పెట్టడం ఆనవాయితీ. కమ్లి పళ్లెంలో పంచె, కండువా పట్టుకొచ్చింది. పొద్దున్నుంచి నవ్విన ముఖంలో ఇప్పుడేమీ లేదు.

"తీస్కో. ఇయ్యాలె గాబట్టి ఇస్తున్న," అంది. అన్నా అని పిలవలేదు. అతని ముఖం చూడలేదు.

ముత్యాలు రెండు చేతులతో తీసుకున్నాడు. తర్వాత కింద పడ్డ చెక్క ముక్క, జిగురు డబ్బా తీసుకుని నిలువు దగ్గరికి నడిచాడు. ఆ బొంద సరిగ్గా లోపలికి వచ్చేవాళ్ల కళ్ల ఎదుట ఉంది.

"పూడ్చకు మామా," అన్నాడు బాబూరావు.

"వచ్చినోళ్లందరు అడుగుతరు సారూ." ఈసారి సారూ అన్నప్పుడు వెటకారం పలకలేదు.

"అడగనియ్. రాయి గూడ అండ్లనే ఉండనియ్."

అప్పుడే కొత్త దర్వాజ దాటుతున్న ముసలమ్మ ఒకామె ఆగి, బొందలో వేలు పెట్టి చూసింది. "ఏం కట్టెనే కమ్లీ ఇది? లోపల రాయున్నది?"

"నన్ను అడుగుతవేందమ్మా," అంది కమ్లి పసుపు గిన్నె ఎత్తుకుంటూ. "ఆడ నిలబడ్డడు చూడు. కండ్లకు తువ్వాల కట్టినా చెప్తడట, ఆయన్ను అడుగు."

టెంటు కింద ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలమ్మ నిజంగానే అతని వైపు తిరిగి జవాబు కోసం చూసింది.

"ఆఫ్రికా కట్టె," అన్నాడు ముత్యాలు. ఆమెకు చెవుడు. వినపడలేదని చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. అతను ఇంకోసారి, అందరికీ వినపడేలా, గట్టిగా చెప్పాల్సి వచ్చింది.